వంద గజాల చట్టం, రెండు వందల వెల

2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-సిగరెట్ల మీద ఆర్డినెన్సు తెచ్చింది. పార్లమెంటు కూర్చునే దాకా కూడా ఆగలేదు. డిసెంబరుకల్లా అది చట్టమైపోయింది. ఆ సామాను తయారు చేసినా, అమ్మినా, ప్రకటన వేసినా మొదటిసారి ఏడాది జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళు, ఐదు లక్షలు. అమ్మకపోయినా సరుకు దాచినందుకే ఆర్నెల్లు. పట్నాల్లో కాన్వెంటు పిల్లల బ్యాగుల్లో పెన్నులాంటి వేప్‌లు కనిపించాయని తల్లిదండ్రులు బెంగపడ్డారు, ప్రభుత్వం కదిలింది. కదలడం మంచిదే. ఆ చట్టం తప్పని నేననడం లేదు.

నా తగువు ఇంకొకటి. మన పిల్లల జేబుల్లో వేప్ లేదు, ఖైనీ పొట్లం ఉంది. దాని సంగతేమిటి? 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళకు పొగాకు సరుకు అమ్మకూడదు. బడికి వంద గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. అమ్మితే శిక్ష ఎంత? రెండు వందల రూపాయల దాకా జరిమానా. అంతే. 2003లో రెండు వందలే, ఇప్పుడూ రెండు వందలే. ఈ మధ్యకాలంలో ఉప్పు రేటు మారింది, బస్సు టికెట్టు మారింది, కూలి రేటు కూడా కాస్త మారింది. పిల్లవాడి నోటి రేటు మాత్రం మారలేదు.

పట్నం పిల్లవాడిని కాపాడడానికి లక్ష రూపాయలు, కొండ పిల్లవాడికి రెండు వందలు. నికోటిన్ రెండింట్లోనూ ఒకటే. తేడా సరుకులో లేదు, కొనేవాడిలోనూ ఏడ్చేవాడిలోనూ ఉంది. కొండ మీద తల్లి ఏడుపు కలెక్టరాఫీసు దాకా వినపడదు.

మందస, పలాస, నందిగాం, టెక్కలి, మెళియాపుట్టి వైపు ఏ వారపు సంతకైనా వెళ్ళి చూడండి. ఎండుచేపలు, మిరపకాయలు, ఉప్పు బస్తాలు, వాటి పక్కనే పొగాకు కట్టలు. దాటి ముందుకు వస్తే బడ్డీలు. బడ్డీ ముందు వరసన వేలాడే దండలు చూడండి. ఒక దండ షాంపూ పొట్లాలు, ఒక దండ చిప్స్, ఒక దండ పాన్ మసాలా, ఒక దండ ఖైనీ. కింద సీసాలో చాక్లెట్లు. ఐదేళ్ళ గుంట చెయ్యి చాపితే చాక్లెట్‌కీ ఖైనీకీ మధ్య జానెడు దూరం. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. 2017లోనే కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. పొగాకు అమ్మే దుకాణాలకు మునిసిపాలిటీల ద్వారా విడిగా లైసెన్సు పెట్టండి, ఆ లైసెన్సు ఉన్న చోట చాక్లెట్లు, బిస్కెట్లు, చిప్స్, కూల్‌డ్రింకులు అమ్మనీయకండి అని. లక్నో లాంటి కొన్ని నగరాలు ఆ దారిలో నడిచాయి. మన దగ్గర ఆ దండలు అలాగే గాలికి ఊగుతున్నాయి.

మాస్టార్లు చదవాల్సిన లెక్క ఒకటుంది. 2019లో దేశమంతటా 13 నుంచి 15 ఏళ్ళ బడి పిల్లల మీద సర్వే చేశారు. నూటికి ఎనిమిదిన్నర మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. అది అంత పెద్ద సంఖ్యలా కనిపించకపోవచ్చు. దాని కిందే ఇంకో లెక్క ఉంది. బీడీ తాగే పిల్లల్లో 47 శాతం, నమిలే పొగాకు వాడేవాళ్ళలో 52 శాతం పదో పుట్టినరోజు రాకముందే మొదలుపెట్టారు. పదేళ్ళంటే నాలుగో తరగతి, ఐదో తరగతి. ఆశ్రమ పాఠశాలలో మన చేతికి అప్పజెప్పిన వయసు. ఎనిమిదో తరగతిలో పొగాకు హాని మీద వ్యాసరచన పోటీ పెట్టి ప్రైజు ఇస్తున్నాం. పెన్ను పట్టిన ఆ చేతికి ఖైనీ నలపడం అప్పటికే మూడేళ్ళ నుంచి వచ్చు.

ఇక వంద గజాల కథ. వంద గజాలంటే సుమారు 91 మీటర్లు. ప్రహరీ గోడ నుంచో కంచె నుంచో బయటికి కొలవాలని నియమం. గోడే లేని బడికి కొలత ఎక్కడి నుంచి? మన కొండ బడులు చాలా వాటికి ఒక వైపు పొలం, ఒక వైపు గెడ్డ, ఒక వైపు జీడితోట. ఆ బడికి సరిహద్దు మాస్టారికి తెలుసు, మేకలకు తెలుసు, చట్టానికి మాత్రం తెలియదు. దుకాణదారుడిని అడిగితే "ఇది బడి స్థలం కాదు" అంటాడు. కానిస్టేబుల్‌ని అడిగితే "కొలత లేదు కదా" అంటాడు. వసారా చివర రాయి నుంచి కొలవండి, వంటగది గోడ నుంచి కొలవండి, ఏదో ఒక చోటు నుంచి కొలవండి. కొలత లేకపోవడం దుకాణానికి లాభం గనకే అది లేదు.

కొలత సరిగ్గా పడినా ఇంకో చిక్కు ఉంది. బడికి వంద గజాలు సరే, హాస్టల్ పిల్లవాడు సాయంత్రం ఎంత దూరం నడుస్తాడు? నూట పదో గజంలో బడ్డీ పెడితే చట్టం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. పట్నంలో ఆ దూరంలో నాలుగు సందులు, రెండు రోడ్లు అడ్డు వస్తాయి. కొండ కింద బాట ఒక్కటే. బడి నుంచి బయలుదేరిన ప్రతి పిల్లవాడూ ఆ ఒక్క బాట మీదే, ఆ ఒక్క బడ్డీ ముందు నుంచే పోతాడు.

ఇప్పుడు మనకు వ్యతిరేకంగా చెప్పే మాటల సంగతి. మొదటి మాట అధికారుల నోట వినిపిస్తుంది, మన పెద్దల నోట కూడా వినిపిస్తుంది: పొగాకు గిరిజనుల ఆచారం, దాని జోలికి పోతే సంస్కృతి మీద చెయ్యి వేసినట్టే అని. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. మన పోడు మీద చెయ్యి వేసినప్పుడు, మన భాషను బడి గుమ్మం బయట వదిలేయమన్నప్పుడు, చింతపండు తూకంలో మోసం చేసినప్పుడు గుర్తురాని సంస్కృతి ఖైనీ పొట్లం దగ్గరికొచ్చేసరికి ఎలా గుర్తొచ్చింది? పొగాకు ఈ దేశపు మొక్కే కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ చరిత్ర దానిది. మన కొండలు అంతకంటే పాతవి, మన దేవతలూ పాతవాళ్ళే.

మన కొండల్లోకి అది ఎలా ఎక్కిందో పెద్దలను అడగండి. షావుకారు ఉప్పు, గుడ్డ, కిరసనాయిలుతో పాటు పొగాకు తెచ్చాడు. అప్పుగా ఇచ్చాడు. బదులుగా చింతపండు, కందులు, జీలుగు, చివరికి పల్లం భూమి తీసుకున్నాడు. పొగాకు కట్ట ఖరీదు ఎంతో ఆకు నమిలేవాడికి తెలియదు, ఖాతా పుస్తకానికే తెలుసు. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారుల మీద 1960లో రెగ్యులేషన్ తేవాల్సి వచ్చిందంటే, ఆ పుస్తకాల్లో ఏముందో ఊహించుకోండి. 1960ల చివర శ్రీకాకుళం కొండలు ఎందుకు రగిలాయో ఈ పుస్తకం చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అప్పు పత్రాలు తగలబెట్టిన తరం మనవలు ఇవాళ అదే సరుకును రోజుకు పదీ ఇరవై పెట్టి నగదుకు కొంటున్నారు. షావుకారుకు ఇప్పుడు పుస్తకం రాసే శ్రమ కూడా తప్పింది.

పెద్దల పండగలో చనిపోయినవాళ్ళ పేరున ఆకు పొగాకు పెట్టే ఇళ్ళు ఉన్నాయి. పెట్టుకోనీండి. ఎజ్జోడు తన పూజలో పొగ పీల్చుకోనీండి. చచ్చిపోయిన తాతకు పొగాకు పెట్టడానికీ బతికున్న మనవడికి ఖైనీ అమ్మడానికీ పోలిక లేదు. నేను అడిగేది అమ్మకం మీద కట్టడి, అదీ పిల్లల దారిలో. ముసలమ్మ నోట్లో చుట్ట లాక్కోమని ఎవరూ అనడం లేదు.

చుట్ట మాట వచ్చింది కాబట్టి అడ్డపొగ సంగతి కూడా చెప్పాలి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మన జిల్లాలో, విశాఖ తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో ఉంది. మన జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు చూసి 1971లో ఒక బ్రిటిష్ కేన్సర్ పత్రికలో వ్యాసం వేశారు. వాళ్ళలో 43.8 శాతం అడ్డపొగ తాగేవాళ్ళే. అంగిలి మీద వచ్చే మచ్చలు, పుళ్ళు, కేన్సర్ల గురించి ప్రపంచంలో ఎక్కడ చదివినా శ్రీకాకుళం పేరు వస్తుంది. 1980ల్లో ఎర్నాకుళం, భావనగర్‌లతో పాటు మన జిల్లాలోనూ ముప్పై ఆరు వేల మంది పొగాకు వాడకందార్ల మీద మానిపించే ప్రయత్నం చేసి, అది కూడా లోకానికి చెప్పారు. మంచిదే. మన అంగిళ్ళు ప్రపంచానికి పాఠమయ్యాయి. ఆ ఊళ్ళకు మాత్రం నోటి పరీక్ష చేసే మనిషి నెలకొకసారైనా రావడం లేదు. నోట్లో పుండు మానకపోతే టెక్కలి ఆసుపత్రి, అక్కడి నుంచి విశాఖ, అగనంపూడి. పలాస నుంచి సుమారు 200 కిలోమీటర్లు. తోడు వెళ్ళేవాడి కూలి పోతుంది, మేక అమ్ముడవుతుంది, చాలాసార్లు ఆలస్యమూ అయిపోతుంది.

కింద ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉంది. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళన్నారు, మట్టి అన్నారు, ఎండలో పని అన్నారు, మందులన్నారు. పొగాకే కారణమని నేను అనను, అలా అనేవాళ్ళను నమ్మకండి కూడా. జబ్బుపడ్డవాడిదే తప్పని తేల్చేసి చేతులు దులుపుకోవడానికి అది మంచి సాకు అవుతుంది. కానీ ఒకసారి కిడ్నీ దెబ్బతిన్నాక, రక్తపోటు పెరిగాక, పొగాకు దాన్ని ఇంకా తొందరగా కిందికి లాగుతుందన్నది వైద్యులకు తెలిసిన విషయమే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. కోట్లు పెట్టి ఆసుపత్రి కట్టగలిగిన వ్యవస్థకు బడి ముందు బడ్డీ పక్కకు జరపడం చేతకాలేదంటే ఎవరు నమ్ముతారు?

రెండో మాట: బడ్డీ పెట్టుకున్నది కూడా పేదవాళ్ళే, మొగుడు పోయిన ఆడమనిషే, ఆమె పొట్ట కొడతారా అని. ఇది నిజమైన మాట, దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో పొట్ట పోయేది ఆమెదే. పోలీసు స్పెషల్ డ్రైవ్ అంటాడు, బడ్డీ దగ్గరికి వస్తాడు, రెండు వందలు రాస్తాడు, నాలుగు పొట్లాలు పట్టుకుపోతాడు, ఫోటో పేపర్లో వస్తుంది. ఆ పొట్లాలు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చాయి? పొగాకు కలిపిన తినుబండారాలు 2011 ఆహార భద్రత నిబంధనల కిందే నిషేధం. గుట్కా మీద మన రాష్ట్రంలో 2013 నుంచి నిషేధపు ఉత్తర్వులు వస్తున్నాయి, ఒడిశాలోనూ నిషేధమే. అటూ నిషేధం, ఇటూ నిషేధం, మధ్యలో ఇచ్ఛాపురం దగ్గర బస్తాలు పట్టుబడ్డాయన్న వార్త మాత్రం ఏటేటా. పట్టుబడిన బస్తాలు ఇన్ని అయితే పట్టుబడనివి ఎన్ని? పైగా కంపెనీల తెలివి చూడండి. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం, రెండూ పక్కపక్కన. కలిపితే నిషేధం, విడిగా అమ్మితే వ్యాపారం. కలిపే పని కొన్నవాడి నాలుక మీదికి తోసేశారు.

అందుకే కట్టడి పై నుంచి మొదలవ్వాలి. జాతీయ రహదారి మీద లారీ ఆపి గోదాము తాళం తీయించాలి. టోకు వ్యాపారిని వదిలేసి చిల్లర బడ్డీ మీద పడే చట్టాన్ని గిరిజనులు నమ్మరు, నమ్మకూడదు కూడా. అలాగని చిల్లర బడ్డీకి మినహాయింపు ఇవ్వమనీ నేననను. ఆమెకు మూడు నెలలు టైమివ్వండి, పొదుపు సంఘం నుంచి అప్పిప్పించండి, ఆ దండ తీసేసి వేరే సరుకు పెట్టించండి. ఆ తర్వాత కూడా పిల్లలకు అమ్మితే, అప్పుడు చట్టం. రెండు వందల చట్టం కాదు. బాల న్యాయ చట్టం 2015 ఉంది, దాని 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు సరుకు ఇస్తే ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. అంటే పదునైన కత్తి పోలీస్ స్టేషన్ బీరువాలోనే ఉంది. తియ్యరు.

విడి సిగరెట్, విడి బీడీ సంగతి ఇంకో విడ్డూరం. పెట్టె మీద 85 శాతం చోటు పుండ్ల బొమ్మతో నింపాలని నియమం. మన పిల్లవాడు పెట్టె ఎప్పుడు కొన్నాడు? ఒక్కటి కొంటాడు. బొమ్మ దుకాణదారుడు చూస్తాడు, పొగ పిల్లవాడు పీలుస్తాడు.

సరే, ఢిల్లీ చట్టం మెత్తగా ఉంది, అమరావతికి తీరిక లేదు. మన ఊరు ఏం చెయ్యగలదు? 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్‌లో గ్రామసభలకు, పంచాయతీలకు ఇవ్వాల్సిన అధికారాల్లో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? ఏ మత్తు పదార్థమైనా సరే, దాని అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, అదుపు చేసే అధికారం. అటవీ ఉత్పత్తుల మాట కూడా దాని తర్వాతే వస్తుంది. ఇది సారాకే గానీ పొగాకుకు వర్తించదని అధికారులు అనొచ్చు. అననీండి. "ఏ మత్తు పదార్థమైనా" అని రాసి ఉన్నప్పుడు పొగాకు ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మని అడుగుదాం. మానాలన్నా మానలేని సరుకును మత్తు అనకపోతే ఇంకేమంటారో చెప్పమందాం.

అయితే మన బాధ అక్కడితో ఆగదు. మందస, పలాస, నందిగాం, టెక్కలి వైపు సవర ఊళ్ళు చాలా వరకు ఐదో షెడ్యూలు గీతకు బయట ఉన్నాయి. అదే కొండ, అదే జాతి, అదే భాష. గీతకు అటువైపు గ్రామసభకు పెసా ఉంది, ఇటువైపు లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట కూడా పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది, మన ఐటీడీఏ పక్క జిల్లాలో పడింది. మన గూడేలు పల్లపు ఊరి పంచాయతీకి వార్డులుగా అతుక్కుని ఉంటే, బడ్డీల వాళ్ళు, వాళ్ళ చుట్టాలు ఎక్కువున్న సభలో మన చేతులెన్ని లేస్తాయి? నాన్-షెడ్యూల్డ్ ఊళ్ళను షెడ్యూలులో చేర్చమన్న పోరాటం భూమి కోసమే అనుకుంటున్నారు చాలామంది. బడి ముందు ఏం అమ్మాలో తేల్చే హక్కు కూడా ఆ గీత లోపలే ఉంది.

ఊరి మాటకు విలువ ఎక్కడ ఉంటుందని అడిగేవాళ్ళకు రెండు ఊళ్ళు చెబుతాను. నాగాలాండ్‌లో కోహిమా జిల్లా గరిఫెమా. ఆదివాసీ ఊరు. ఊరి కౌన్సిలు, విద్యార్థులు, యువకులు కూర్చుని తీర్మానించుకుని, 2014లో దేశంలో తొలి పొగాకు రహిత గ్రామంగా పేరు తెచ్చుకున్నారు. రెండోది అమెరికాలో బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్. 2000 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు, వాళ్ళకు ఎన్నేళ్ళొచ్చినా సరే, పొగాకు గానీ వేప్ గానీ తమ ఊళ్ళో అమ్మకూడదని 2020లో ఊరి సభలో తీర్మానం చేశారు. దుకాణదారులు కోర్టుకెక్కారు. ఆ ఊరికి ఆ హక్కు ఉందని 2024లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. వాళ్ళ సభను ప్రజాస్వామ్యం అంటారు. మన సభను తాగుబోతుల గుంపు అంటారు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో చదువు రాని ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్ళకు ఆ రెండోదాన్ని ప్రభుత్వమే ఎత్తేసింది, డబ్బు కోసం. ఆడవాళ్ళు ఓడిపోలేదు, ఖజానా గెలిచింది. పొగాకు విషయంలోనూ ఖజానా ఎవరి పక్కనో చూసుకోవాలి. గుంటూరులో పొగాకు బోర్డు కేంద్రానిదే, రాజమండ్రిలో పొగాకు మీద పరిశోధన చేసే సంస్థ కేంద్రానిదే. ఒక చేత్తో పంట పెంచి ఇంకో చేత్తో బొమ్మ ముద్రించే వాళ్ళ నుంచి పూర్తి చట్టం వస్తుందని నేను ఎదురు చూడను.

మాస్టార్లతో ఒక మాట. కొందరికి నచ్చదు. పిల్లవాడి చేతికి పది రూపాయలిచ్చి "ఒరే, ఒక సిగరెట్ పట్రా" అని పంపే అలవాటు మన స్టాఫ్ రూముల్లో ఇంకా పోలేదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాడికి అమ్మడమే నేరమైనప్పుడు, కొనడానికి పంపినవాడు ఏమవుతాడు? ఆ పిల్లవాడు దారిలో ఏం నేర్చుకుంటాడో అది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. 2008 నిబంధనల ప్రకారం బడి ఆవరణలో పొగతాగేవాడికి జరిమానా రాసే అధికారం హెడ్మాస్టరుకే ఉంది. ఆ రసీదు పుస్తకం ఎన్ని బడుల్లో ఉందో ఈ పుస్తకం చదివే హెడ్మాస్టర్లు తమ బీరువా తెరిచి చూసుకోవాలి.

యువకులకు పని ఉంది. 91 మీటర్ల తాడు తీసుకోండి. బడికి గోడ ఉంటే గోడ నుంచి, లేకపోతే వాడుకలో ఉన్న ఆవరణ చివర నుంచి నాలుగు వైపులా కొలిచి, లోపల పడే బడ్డీల పేర్లు రాయండి. వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టించండి. వంద గజాలే ఎందుకు, ఊరి పొలిమేర దాకా అని రాయండి, ఒప్పుకున్నంత ఒప్పుకుంటారు. అందులో నాలుగు సంగతులు ఉండాలి: పిల్లలకు అమ్మకం లేదు, విడిగా అమ్మకం లేదు, చాక్లెట్లు అమ్మే చోట పొగాకు ఉండదు, ముసలివాళ్ళ జోలికి ఎవరూ పోరు. సర్పంచి సంతకం చెయ్యకపోతే చేతులెత్తినవాళ్ళ సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. కాపీలు నాలుగు తీయండి. ఒకటి తహసీల్దారుకు, ఒకటి ఎస్సైకి, ఒకటి ఐటీడీఏ పీవోకి, నాలుగోది బడిలో గోడకు. మొదటి మూడింటికీ ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగకండి.